ఫోన్ వెళ్తుంది, సిరా బుడ్డి వెళ్ళదు: ఫౌంటెన్ పెన్ ఇంక్‌ని విదేశాలకు పంపాలంటే ఎన్ని తిప్పలో!

ఈ సైట్‌లో నేను రాసే వాటిలో ఎప్పుడూ ఎంఏహెచ్‌లూ, మెగాపిక్సెళ్ళూ, హెర్ట్జ్‌లూ ఉంటాయి. ఈసారి మాత్రం మిల్లీలీటర్లు. ఒక చిన్న బుడ్డి రాయల్ బ్లూ సిరా, ధర యాభై రూపాయల లోపే. హైదరాబాద్ నుంచి కెనడాలోని కాల్గరీకి దాన్ని చేర్చడానికి నాకు ఎనిమిది నెలలు, మూడు ప్రయత్నాలు, ఐదు వేల పైన డబ్బులు పట్టాయి. మధ్యలో డబ్బు పెట్టి మళ్ళీ కొనలేనిది ఒకటి పాడైంది కూడా. మీలో ఎవరికైనా ఇలాంటి పని పడితే నేను చేసిన తప్పులు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

ముందు కథ చెప్తాను. మా తాతయ్య రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఉండేది రాజమండ్రిలో. గాంధీగారి స్వదేశీ పిలుపుతో పుట్టిన రత్నం పెన్నుల ఊరు అది. గట్టిపరిచిన రబ్బరు, అంటే ఎబొనైట్‌ని లేత్ మీద తిప్పి చేసే పెన్నులు ఇప్పటికీ అక్కడ దొరుకుతాయి. అక్క ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు తాతయ్య అలాంటిదే ఒకటి కొనిచ్చారు. కార్ట్రిడ్జ్ ఏమీ ఉండదు, డ్రాపర్‌తో నేరుగా బ్యారెల్‌లోకి సిరా పోసుకోవడమే. కిందటి అక్టోబర్‌లో అక్క కాల్గరీలో ఇల్లు మారుతుంటే ఆ పెన్ను అట్టపెట్టెలో బయటపడింది.

"ఒరేయ్, తాతయ్య వాడే సిరా ఒక బుడ్డి పంపరా. ఎలాగూ పంపుతావు కదా, ఆయనతో నాలుగు ముక్కలు రాయించి అందులోనే పెట్టు" అంది.

అక్కడ ఇంక్ దొరకదా అని మీరు అడగొచ్చు. దొరుకుతుంది. జపాన్ పైలట్ ఇరోషిజుకు, జర్మనీ లామీ, ఇంగ్లండ్ డయామైన్, అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. నాణ్యతలో మన యాభై రూపాయల బుడ్డి కంటే మంచివే. కానీ అక్కకి కావాల్సింది తాతయ్య ఉత్తరాల రంగు. దానికి స్పెక్స్ షీట్ ఉండదు కదా.

తాతయ్యకి ఎనభై మూడేళ్ళు. చెయ్యి వణుకుతుంది. అయినా మూడు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాశారు.

మొదటి ప్రయత్నం: "ఇంకా? తీసుకోమండీ"

నవంబర్‌లో బాక్స్ పట్టుకుని ఒక కౌంటర్‌కి వెళ్ళాను. లోపల ఏముందని అడిగారు. ఉత్తరం, ఇంక్ బాటిల్ అన్నాను.

"లిక్విడ్స్ తీసుకోమండీ. ఇంక్ అయితే అసలే తీసుకోం. ఫ్లైట్‌లో అంటుకుంటే?"

ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకి ఇచ్చిన లిస్ట్‌లో 'ఇంక్' అనే మాట ఉంది, అంతే. ఇంటికొచ్చి వెతికితే విషయం అర్థమైంది. విమానాల్లో వెళ్ళే ప్రమాదకర సరుకులన్నిటికీ ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబర్లు ఉంటాయి. అందులో యూఎన్ 1210 అంటే ప్రింటింగ్ ఇంక్, మండే రకం. ప్రెస్సుల్లో వాడే ఈ రకం ఇంకుల్లో సాల్వెంట్లు ఉంటాయి కాబట్టి ఆ జాగ్రత్త న్యాయమే. మామూలు ఫౌంటెన్ పెన్ ఇంక్ అది కాదు. ఇందులో ఎక్కువ భాగం నీళ్ళే. మిగతాది రంగు, నిబ్ దగ్గర ఎండిపోకుండా గ్లిజరిన్ లాంటిది, బూజు పట్టకుండా కొంచెం ప్రిజర్వేటివ్, ధార సాఫీగా రావడానికి సర్ఫాక్టెంట్.

రూల్ ఏమిటంటే, ఫ్లాష్ పాయింట్ 60 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ ఉన్న ద్రవాలు మండే ద్రవాల కిందకి, అంటే క్లాస్ 3లోకి వస్తాయి. ఫ్లాష్ పాయింట్ అంటే ద్రవం నుంచి వచ్చే ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత. నీటి ఆధారిత పెన్ ఇంక్ మామూలుగా ఆ లెక్కలోకి రాదు. ప్రింటింగ్ ఇంక్, పెన్ ఇంక్ రెండింటికీ ఉన్న పోలిక ఆ పేరే. ఇబ్బందంతా ఆ పేరుతోనే వచ్చింది.

మన సైట్ పాఠకులకి బాగా తెలిసిన దానితో పోల్చి చూడండి. ఫోన్‌లో లిథియం అయాన్ బ్యాటరీ ఉంటుంది. అంటుకుంటే ఆర్పడం ఎంత కష్టమో చాలా వీడియోల్లో చూసే ఉంటారు. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో కార్గోగా పంపడం 2016 నుంచి నిషేధం. అయినా పరికరంలో బిగించి ఉన్న బ్యాటరీకి యూఎన్ 3481 అని వేరే నంబర్, కెపాసిటీకి పరిమితి, ప్యాకింగ్ పద్ధతి అన్నీ ఉన్నాయి. ఆ పద్ధతి తెలిసిన కొరియర్ కౌంటర్‌లో ఫోన్ తీసుకుంటారు. నిజంగా ప్రమాదమున్న వస్తువుకి స్పష్టమైన దారి ఉంది. ప్రమాదం లేని సిరా ఏ జాబితాలోనూ లేదు కాబట్టి దానికి దారి చూపించేవాళ్ళూ లేరు.

రెండో ప్రయత్నం: నేను ఆడిన అబద్ధం

పెన్నుల పిచ్చి ఉన్న ఫ్రెండ్‌ని అడిగితే "ఇంక్ అని ఎందుకు చెప్పావ్? స్టేషనరీ అని రాసెయ్, వెళ్ళిపోద్ది" అన్నాడు. అలాగే చేశాను. డిసెంబర్‌లో ఇంకో చోట, ఇంకో కౌంటర్‌లో 'స్టేషనరీ, పుస్తకాలు' అని రాసి రెండు వేల ఆరు వందలు కట్టాను. ట్రాకింగ్ రెండు రోజులు బాగానే కదిలింది. తర్వాత 'హెల్డ్' దగ్గర ఆగిపోయింది. కస్టమర్ కేర్‌కి ఎన్ని ఫోన్లు చేసినా "చెక్ చేస్తున్నాం సార్" అనే మాటే.

ఏడు వారాలకి బాక్స్ మా ఇంటికే తిరిగొచ్చింది. ఎక్స్‌రేలో ద్రవం కనిపించిందట, కాగితంలో ఆ మాట లేదట. తెరిచి చూసి మళ్ళీ మూసినట్టున్నారు. మూత వదులుగా ఉంది. బుడ్డిలో సిరా సగమే ఉంది. మిగతా సగం తాతయ్య ఉత్తరంలో ఉంది.

నాలుగు పేజీల్లో చివరి పేజీ కింద నాలుగైదు లైన్లు మాత్రం చదవడానికి వచ్చాయి. ముందే ఫొటో తీసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు. రోజూ కెమెరాలు రివ్యూ చేసేవాణ్ణి!

మూత సరిగ్గా పెట్టనివాళ్ళని చాలా రోజులు తిట్టుకున్నాను. కానీ తప్పు నాది కూడా. సరిగ్గా డిక్లేర్ చేసి ఉంటే కౌంటర్‌లోనే 'వద్దు' అనేవాళ్ళు, ఉత్తరం నా చేతిలోనే ఉండేది. ఆ సలహా ఇంకెవరైనా మీకిస్తే వినకండి. దొరికితే పార్శిల్ పోతుంది, ఇన్సూరెన్స్ అడిగే మొహం కూడా ఉండదు.

మూడో ప్రయత్నం: ఈసారి కాగితాలతో

మీకు పనికొచ్చే భాగం ఇదే. మొదట ఎస్‌డీఎస్, అంటే సేఫ్టీ డేటా షీట్ సంపాదించండి. కొందరు పాత అలవాటుగా ఎంఎస్‌డీఎస్ అంటారు. అందులో 16 సెక్షన్లు ఉంటాయి, మీకు రెండు చాలు. సెక్షన్ 9లో ఫ్లాష్ పాయింట్, సెక్షన్ 14లో రవాణా సమాచారం. 'రవాణాకు ప్రమాదకరం కాదు' అనే అర్థం వచ్చే మాట సెక్షన్ 14లో ఉంటే దాన్ని హైలైటర్‌తో గీసి ప్రింట్ తీసుకెళ్ళండి. పెద్ద కంపెనీల్లో చాలా వరకు వెబ్‌సైట్లలోనే పెడతాయి. నా బుడ్డి కంపెనీకి మెయిల్ చేసి రెండు వారాలు ఆగాల్సి వచ్చింది. ఇంట్లో ఇంకులు కలిపి అమ్మే చిన్న తయారీదార్ల దగ్గర ఇది ఉండకపోవచ్చు, కొనే ముందే అడగండి. ఐరన్ గాల్ లాంటి ఇంకుల్లో ఆమ్ల గుణం ఉంటుంది కాబట్టి వాటి షీట్ ఇంకా శ్రద్ధగా చదవాలి.

రెండోది, కస్టమ్స్ ఫారం. పోస్టులో అయితే చిన్న ప్యాకెట్లకు సీఎన్ 22, విలువ ఎక్కువైతే సీఎన్ 23. ఒట్టి 'ఇంక్' అని వదిలేయకండి. 'ఫౌంటెన్ పెన్ రైటింగ్ ఇంక్, నీటి ఆధారితం, మండదు, 27 మి.లీ.' అని పూర్తిగా రాయండి. హెచ్ఎస్ కోడ్ 3215 90. ప్రింటింగ్ ఇంకులకి వేరే సబ్‌హెడ్డింగ్ ఉంటుంది కాబట్టి ఆ చివరి రెండు అంకెలు ముఖ్యం. విలువ కూడా నిజం రాయండి. కెనడాలో 60 కెనడియన్ డాలర్ల లోపు విలువైన వ్యక్తిగత గిఫ్ట్‌కి డ్యూటీ పడదు, కాబట్టి అబద్ధం ఆడాల్సిన పనే లేదు.

మూడోది, ముందే ఫోన్ చేసి "నీటి ఆధారిత, ప్రమాదకరం కాని ద్రవం, ఎస్‌డీఎస్ ఉంది, తీసుకుంటారా?" అని అడగండి. నాలుగు చోట్ల కాదన్నారు. ఐదో చోట షీట్ వాట్సాప్‌లో పంపమన్నారు, మర్నాడు సరే అన్నారు.

ప్యాకింగ్: ఇక్కడ కాస్త ఫిజిక్స్

విమానం కార్గోలో గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో ముప్పావు వంతు వరకు తగ్గొచ్చు. అంటే బుడ్డిలోని గాలి మూడో వంతు ఎక్కువ చోటు అడుగుతుంది. బుడ్డి తలకిందులుగా ఉంటే ఆ గాలి సిరానే బయటికి తోస్తుంది. అలాగని నిండా నింపితే ఇంకో సమస్య. చలికి గడ్డకడితే నీళ్ళు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, గాజు సీసా పగలొచ్చు. కొన్ని ఇంకుల్లో రంగు విడిపోయి అడుగున చేరే ప్రమాదం కూడా ఉంది. కాల్గరీ చలికాలంలో మైనస్ ఇరవై మామూలే. నేను డిసెంబర్‌లో పంపిన గాజు సీసా అక్కడిదాకా వెళ్ళి ఉంటే ఏమయ్యేదో!

నేను చేసింది ఇదీ:

- గాజు వద్దనుకుని, లోపల ప్లగ్ ఉన్న 30 మి.లీ. ప్లాస్టిక్ సీసాలోకి 27 మి.లీ. సిరా మార్చాను.
- మూత బిగించే ముందు సీసాని కొద్దిగా నొక్కి గాలి తీశాను. ఉబ్బడానికి అదే చోటు.
- మర మీద ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేప్, మూత బయట ఎలక్ట్రికల్ టేప్ చుట్టాను.
- ఒక రాత్రంతా టిష్యూ పేపర్ మీద తలకిందులుగా ఉంచాను. చుక్క పడలేదు.
- దూది చుట్టి, ఒకదానిలో ఒకటిగా రెండు జిప్ కవర్లలో పెట్టాను.
- ఉత్తరాన్ని వేరే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, అసలు వేరే పోస్టులో పంపాను!
- బాక్స్ వీలైనంత చిన్నది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి వచ్చే కిలోల లెక్కన కొరియర్లు బిల్లు వేస్తాయి. పెద్ద డబ్బాలో గాలికి డబ్బులు కట్టకండి.
- పంపింది మే నెలలో.

అసలు పంపాలా?

నిజం చెప్పాలంటే చాలామందికి నా సలహా 'వద్దు' అనే. ఎవరైనా ప్రయాణం చేస్తుంటే 100 మి.లీ. దాటని సీసాని మిగతా ద్రవాలతో పాటు పారదర్శక సంచిలో పెట్టి క్యాబిన్ బ్యాగేజీలోనే తీసుకెళ్ళొచ్చు. కాకపోతే ప్యాకింగ్ జాగ్రత్తలు అవే. అక్కడే దొరికే ఇంక్ అయితే అక్కడి షాపులో ఆర్డర్ పెట్టి గిఫ్ట్‌గా ఇవ్వడం చవక.

రూల్స్ కూడా ఊరికే మారుతుంటాయి. 800 డాలర్ల లోపు పార్శిళ్ళకు ఉన్న డ్యూటీ మినహాయింపుని అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి తీసేసింది. ఆ గందరగోళంలో ఇండియా పోస్ట్ అమెరికాకి చాలా రకాల బుకింగ్స్ ఆగస్టు 25 నుంచి ఆపి, అక్టోబర్ 15న మళ్ళీ మొదలుపెట్టింది. అటునుంచి ఇటు తెప్పించుకోవడమూ తేలిక కాదు. 2019 డిసెంబర్ నుంచి పోస్టులో, కొరియర్‌లో 'గిఫ్ట్' పేరుతో డ్యూటీ కట్టకుండా మన దేశంలోకి రాగలిగేవి ప్రాణరక్షక మందులు, రాఖీలు మాత్రమే. కాబట్టి ఏ దేశానికి పంపినా, పంపే వారంలోనే రూల్స్ చూసుకోండి.

చివరికి

ఉత్తరం పాడైన సంగతి తాతయ్యకి చెప్పడానికి నాకు నెల పట్టింది. ఆయన మాత్రం నవ్వారు. "మా చిన్నప్పుడు సిరా బిళ్ళలు ఉండేవిరా. నీళ్ళలో వేస్తే సిరా అయ్యేది. అవి పంపితే కవర్లోనే వెళ్ళిపోయేవి" అన్నారు. ఆయన మాటలో విషయం ఉంది. ఇవాళ మనం క్యామ్లిన్ అని పిలిచే కంపెనీ 1931లో మొదలైంది ఇంక్ పొడి, బిళ్ళలతోనే. కానీ ఈ రోజుల్లో గుర్తు తెలియని నీలం పొడి కవర్లో పెట్టి పంపితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

"మళ్ళీ రాస్తాలే" అన్నారు. రాశారు. ఈసారి ఒక్క పేజీ, అక్షరాలు ముందుకంటే పెద్దవి, గీత మీద నిలబడనివి. దాన్ని మాత్రం ఫొటో తీసుకున్నాకే పంపాను.

జూన్ రెండో వారంలో పార్శిల్ చేరింది. చుక్క కారలేదు. ఆ వారమే అక్క రాజమండ్రికి ఉత్తరం రాసింది. అది చేరడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. తాతయ్య ఆ కాగితాన్ని తన డైరీ పక్కన పెట్టి చూసుకుని, "అదే రంగురా" అన్నారు.