ప్రార్థన రుచించని రోజులు - చిన్న తెరేజమ్మ గారి చివరి పద్దెనిమిది నెలలు



రాత్రి వార్డులో సందడి తగ్గాక మందులిచ్చే సిస్టర్లను కొందరు మెల్లగా ఒక మాట అడుగుతుంటారు. "ఇన్నేళ్ళూ జపమాల మానలేదు సిస్టర్. ఇప్పుడు ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడినట్టుంది. అసలు వినేవారు ఉన్నారంటారా?" అడిగిన వెంటనే పాపం చేసినట్టు భయపడిపోతారు. "ఇంట్లోవాళ్ళకు చెప్పకండి" అని కూడా అంటారు. ఇలా అడిగినవారికి మేము తరచుగా లిసియో పునీత తెరేజమ్మ గారి కథ చెబుతాము. గులాబీలు పట్టుకుని నవ్వుతూ నిలబడిన ఆమె పటం మన ఇళ్ళల్లో చాలామందికి తెలుసు. కాని ఆ పటం వెనుక ఉన్న రోగి గురించి తెలిసినవారు తక్కువ.

తెరేజమ్మ గారు 1873లో ఫ్రాన్సు దేశంలో పుట్టారు. నాలుగేళ్ళ వయసులో తల్లి రొమ్ము క్యాన్సరుతో చనిపోయింది. 15 ఏళ్ళకు లిసియో పట్టణంలోని కార్మెల్ మఠంలో చేరారు. 1896లో పవిత్ర గురువారం రాత్రి దీపం ఆర్పి పడుకోగానే గొంతులోకి ఏదో పొంగివచ్చింది. దీపం వెలిగించి చూడకుండా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని పడుకున్నారు. తెల్లవారి చూస్తే రక్తం. అది క్షయ. కాక్ అనే జర్మన్ డాక్టరు 1882లోనే క్షయ క్రిమిని కనిపెట్టారు గాని, దాన్ని చంపే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943 వరకు దొరకలేదు. అంటే ఆమె రోగానికి పేరుంది, మందు లేదు.

మొదట ఆమె భయపడలేదు. పరలోకం దగ్గరపడిందని సంతోషించారు. ఆ సంతోషం కొద్ది రోజులే నిలిచింది. ఆ ఈస్టరు కాలంలోనే ఆమె మనసులో చీకటి కమ్మింది. అప్పటివరకు దేవుడు లేడనేవారు పైపైకి అలా అంటారు గాని నిజంగా నమ్మకం లేనివారు ఉండరని ఆమె అనుకునేవారు. ఇప్పుడు ఆ ఆలోచనలే తనకు వచ్చాయి. పరలోకం అనేది ఉందా, చనిపోయాక మిగిలేది శూన్యమేనా అని మనసు ఎగతాళి చేసినట్టుండేది. 1897 జూన్‌లో మఠం పెద్ద అయిన మదర్ గారి ఆజ్ఞ మీద ఇదంతా నోటు పుస్తకంలో రాస్తూ, ఇంకా రాస్తే దైవదూషణ అవుతుందేమోనని మధ్యలో ఆపేశారు. 24 ఏళ్ళ మఠకన్య, అదీ పునీతురాలు, ఇలా రాశారంటే మొదటిసారి విన్నప్పుడు మాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ చీకటిలో ఆమె చేసినవి చిన్న పనులే. విశ్వాస సంగ్రహాన్ని తన రక్తంతో రాసుకుని గుండె దగ్గర పెట్టుకున్నారు. (ఇది ఎవరూ అనుకరించవలసిన పని కాదు. కాగితం మీద కలంతో రాసుకున్నా చాలు.) పరలోకం గురించి ఆనందంగా కవితలు రాస్తూనే, ఆ ఆనందం తనకు తెలియడం లేదనీ, నమ్మాలని కోరుకుంటున్నదాన్నే పాడుతున్నాననీ ఒప్పుకున్నారు. నమ్మకం లేనివారిని తప్పుపట్టలేదు. వారితో కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టు భావించి, వారికోసం ప్రార్థించారు. 1897 ఆగస్టు 19న తీసుకున్న దివ్యసత్ప్రసాదాన్ని మఠాన్నీ శ్రీసభనూ విడిచివెళ్ళిన ఒక గురువు కోసం అర్పించారు. ఆమెకు అదే చివరిది. ఆ తర్వాత శరీరం సహకరించక ఆరు వారాలపాటు సత్ప్రసాదం లేకుండానే ఉండిపోయారు. వాంతుల వల్ల సత్ప్రసాదం తీసుకోలేకపోయామని బాధపడే రోగులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

క్షయ పేగులకూ పాకింది. నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇవ్వలేదు. ఆ రోజుల్లో ఆమె మదర్ గారికి ఒక హెచ్చరిక చేశారు: ఇంత నొప్పితో ఉన్న రోగుల పక్కన విషపూరితమైన మందులు ఉంచవద్దని. అంత నొప్పిలో మనిషికి ఎలాంటి ఆలోచనలు వస్తాయో ఆమె దాచిపెట్టలేదు. ఇంటి దగ్గర రోగిని చూసుకునేవారికి మేము ఈ మాటే చెబుతాము. మందుల డబ్బా మీ చేతిలో ఉంచుకోండి. "ఇక బతకాలని లేదు" అన్న మాట వినబడితే కోప్పడవద్దు, ఒంటరిగా వదలవద్దు, అదే రోజు డాక్టరు గారికి చెప్పండి. ఈ రోజుల్లో నొప్పికి మందులున్నాయి, అడిగి తీసుకోవడం అవిశ్వాసం కాదు.

1897 సెప్టెంబరు 30న ఆమె చనిపోయారు. 1925లో పునీతురాలిగా, 1997లో శ్రీసభ పండితురాలిగా ప్రకటించబడ్డారు. ఆమె సందేహాలు తెలిసే శ్రీసభ ఈ గౌరవం ఇచ్చింది.

1928లో మఠంలో చేరిన ఒక అల్బేనియా అమ్మాయి ఈమె పేరే తనకు పెట్టుకుంది. ఆమే మన కలకత్తా మదర్ తెరీసా. ఆమె కూడా సుమారు యాభై ఏళ్ళు దేవుని సన్నిధి తెలియని చీకటిలోనే సేవ చేశారని 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చినప్పుడు లోకానికి తెలిసింది. ఆ ఉత్తరాలను కాల్చేయమని ఆమె కోరారట. కాల్చకపోవడమే మంచిదైంది. 1961లో న్యూనర్ అనే జెస్వీట్ గురువుతో ఆమె మనసు విప్పారు. ఇందులో ఆమె తప్పేమీ లేదనీ, దేవుని కోసం తపించడమే ఆయన దగ్గర ఉన్నాడనడానికి గుర్తనీ ఆయన చెప్పారు. చీకటి పోలేదు. కాని దాన్ని ఒంటరిగా మోయవలసిన అవసరం ఆమెకు తప్పింది.

ఇక్కడ డాక్టర్ల మాట కూడా చెప్పాలి. ప్రార్థన రుచించకపోవడంతో పాటు నిద్ర, ఆకలి పోయి, ఎవరితోనూ మాట్లాడాలనిపించక రెండు వారాలు దాటితే అది కుంగుబాటు అనే జబ్బు కావచ్చు. దానికి వైద్యం ఉంది. ఫాదర్ గారి దగ్గరకు వెళ్ళాక డాక్టరు దగ్గరకు వెళ్ళకూడదని ఏమీ లేదు. అలాగే రెండు వారాలు మించిన దగ్గును తెరేజమ్మ గారిలా దాచుకోవద్దు, కళ్ళె పరీక్ష చేయించుకోండి. మామూలు క్షయ ఆరు నెలల మందులతో నయమవుతుంది. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది, ఆహారం కోసం 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలు ఇస్తోంది.

తెరేజమ్మ గారి పండుగ అక్టోబరు 1న. ఆ రోజు పటం ముందు కొవ్వొత్తి వెలిగించేవారు మంచం మీద నుండి లేవలేని ఒక రోగి పక్కన కాసేపు కూర్చోండి. వారు ఏ ప్రశ్న అడిగినా తొందరపడి జవాబు చెప్పవద్దు. ఫాదర్ గారితో మాట్లాడాలనుకునే రోగులు డ్యూటీలో ఉన్న నర్సుకు చెప్పవచ్చు. మాట్లాడే ఓపిక లేకపోతే ఒక చీటీ రాసి ఇచ్చినా సరే.