తెలుగు తెరపై గుఱ్ఱపు రౌతులు

అమెరికా అంతర్యుద్ధము 1865లో ముగిసిన పిదప సుమారు ఇరువదియేండ్లు, టెక్సాసు బయళ్ళనుండి వేలకొలది పశువులను కాన్సాసు రైలుస్టేషన్లకు తోలుకొనిపోవు కూలివాండ్రుండిరి. వారే కౌబాయిలు. ఎండకు వెడల్పాటి టోపి, దుమ్ము ముక్కున చొరకుండ మెడకు రుమాలు, రికాబునుండి పాదము జారకుండ ఎత్తుమడమల బూట్లు: ఇవి వారి పనికి సాధనములేగాని వేషము కాదు. 1903లో ఎడ్విన్ పోర్టరు పండ్రెండు నిమిషముల ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ తీసెను. (అదియు పడమటి సీమలో గాక న్యూజెర్సీలో తీసినదే!) నాటినుండి తెరపై పశువులు మఱుగై తుపాకులు మిగిలినవి.

1964లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ స్వల్పవ్యయముతో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ నిర్మించెను. కథ అమెరికా సరిహద్దుది; తీసిన నేల స్పెయినుది; నటులు తలా ఒక భాషవారు. వారి మాటలను పిమ్మట వేఱుగా చేర్చుటచే పెదవుల కదలికకును పలుకునకును పొత్తు కుదరలేదు. జపాను దర్శకుడు కురొసావా 1961లో తీసిన ‘యోజింబో’ కథను అనుమతి లేక వాడుకొన్నందున దావా పడి, లాభములో పాలు ఇయ్యవలసివచ్చెను. అయినను ఆ చిత్రము లోకమును చుట్టివచ్చెను.

ఆ గాలియే తెలుగునాటికిని వీచినది. 1971 ఆగస్టు 27న విడుదలయిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ తొలి తెలుగు కౌబాయి చిత్రము. నాయకపాత్రధారి కృష్ణ; ఆయన పద్మాలయా సంస్థయే నిర్మాత; దర్శకుడు కె. ఎస్. ఆర్. దాసు. రచయిత విశాఖపట్టణమున జన్మించిన ఆరుద్ర. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యము’ను కూర్చిన చేయియే తుపాకుల కథను వ్రాయుట వింతయే. తెలుగు చిత్రములలో పెక్కు నలుపు తెలుపులందే యుండిన ఆ కాలమున దీనిని రంగులలో తీసిరి. మన సీమలో ఎడారి లేదు గనుక రాజస్థానమునకు పయనమైరి. వి. ఎస్. ఆర్. స్వామి కెమెరా ఆ ఇసుకతిన్నెలను చక్కగా చూపినది.

లోపములు లేకపోలేదు. గుప్తనిధికై సాగు వెదుకులాట పాశ్చాత్య చిత్రములను అడుగడుగున తలపించును. పశువులను తోలుట ఈ కథలో పనియే కాదు. కావున టోపియు బూట్లును ఏల పుట్టినవో చూచువారికి తెలియదు. సాధనము అలంకారమయ్యెను. మన చిత్రములకు పాటలు తప్పవు గనుక కథ పరుగిడుచు పరుగిడుచు పాటకొఱకు ఆగును. కథను ఎరువు తెచ్చుట అంత కష్టము కాదు, దానికి మన నుడిని అబ్బించుటయే కష్టము. ఆ పని ఆరుద్ర కొంత సాధించెను. నాగభూషణము ధరించిన పాత్రకు ‘నక్కజిత్తుల నాగన్న’ అని పేరిడెను. ఆ పేరు చెవిని పడినంతనే పరదేశపు దుస్తులలోనుండి మన సంతలోని మాయగాడు తొంగిచూచును.

ఈ చిత్రమును ‘ట్రెజర్ హంట్’ అను పేర ఆంగ్లమునకు మార్చి విదేశములందును ప్రదర్శించిరి. 2022లో కృష్ణ గతించిన మఱుసటియేడు, మే 31న ఆయన జయంతినాడు, అది మరల సినిమాహాళ్ళకు వచ్చెను.