గారీఖూన్ వేరు, లయన్స్ మేన్ వేరు

మతిమరుపుకు లయన్స్ మేన్ గుళికలు మంచివంటున్నారు, ఇది మన హకీం సాబ్‌లు రాసే గారీఖూనేనా అని కొందరు అడుగుతున్నారు. కాదు. రెండూ శిలీంధ్రాలే, పోలిక అంతవరకే.

మీరు కూరకు తెచ్చే పుట్టగొడుగును తిప్పి చూడండి, అడుగున పలుచని రేకులుంటాయి. లయన్స్ మేన్‌కు రేకులుండవు. ఓక్, బీచ్ వంటి చెట్ల మాను మీద తెల్లటి ముద్దలా కాసి, దాన్నుంచి పళ్లలాంటి మెత్తని ముళ్లు వేలాడతాయి. అసలు పేరు హెరీసియం ఎరినేసియస్. 1781లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బుల్యార్ దీన్ని హిడ్నం జాతిలో చేర్చాడు. 1797లో పెర్సూన్ హెరీసియంలోకి మార్చాడు. అప్పట్లో ముళ్లున్నవన్నీ ఒకే ఇంటివనుకునేవారు. సూక్ష్మదర్శినితో, తర్వాత డీఎన్ఏతో చూస్తే ఆ ఇల్లు చెదిరిపోయింది. హిడ్నం కాంథరెలేలీస్ వర్గానికి పోయింది. ఎర్రని బొట్లు కార్చే హిడ్నెల్లం పెక్కీ థెలిఫోరేలీస్‌కు చేరింది. మన లయన్స్ మేన్ రుసులేలీస్‌లో, హెరీసియేసీ కుటుంబంలో నిలిచింది. రేకులున్న రుసులా పుట్టగొడుగులే దానికి దగ్గరి చుట్టాలు! రూపం చూసి వంశం చెప్పలేమన్నమాట.

గారీఖూన్ వంశం పోలిపోరేలీస్. లార్చ్ చెట్టుకు కాస్తుంది, అడుగున ముళ్లు కాదు, సన్నని రంధ్రాలు, రుచి పరమ చేదు. యునానీలో ఇది బల్గంను విరేచనంతో వెళ్లగొట్టే మందు. నిస్యాన్, అంటే మతిమరుపు, బల్గం వల్ల కూడా వస్తుందని హకీంలు చెబుతారు కాబట్టి తికమక సహజమే. పాత పుస్తకాలు దీన్ని అగారికస్ ఆల్బస్ అన్నాయి. ఇప్పటి పేరు లారిసిఫోమెస్ అఫిసినాలిస్. ఈనాడు అగారికస్ అంటే బజారులో దొరికే బటన్ పుట్టగొడుగుల జాతి. పేరు నమ్మి కొంటే ఏం చేతికొస్తుందో చూడండి! జ్ఞాపకశక్తికని ఇంటి పెద్దలకు గారీఖూన్ పొడి సొంతంగా ఇస్తే విరేచనాలతో నీరసించిపోతారు.

మరి లయన్స్ మేన్ పనిచేస్తుందా? 2009లో వెలువడిన జపాన్ అధ్యయనంలో స్వల్ప మతిమరుపున్న సుమారు 30 మందిని తీసుకుని, సగం మందికి దీని పొడిని 16 వారాలు ఇచ్చారు. వారి మార్కులు పెరిగాయి, ఆపిన నెలలోనే తగ్గాయి. ఇంత చిన్న పరీక్షతో అల్జీమర్స్ నయమవుతుందని చెప్పడం వ్యాపారమే. కొందరికి దద్దుర్లు, కడుపునొప్పి వస్తాయి. రక్తం పల్చబడే మందులు, షుగరు మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టవద్దు. డబ్బా మీద హెరీసియం ఎరినేసియస్ అని స్పష్టంగా లేకపోతే అక్కడే తిరిగి ఇచ్చేయండి.