విటమిన్ మాత్రలు అందరికీ కావాలా?

ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో నేటి తమిళనాడులోని కూనూరులో ఒకే గదిలో బ్రిటిష్ వైద్యుడు మెకారిసన్ మొదలుపెట్టిన పరిశోధన పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ చేరింది.

అప్పట్లో విటమిన్ ఎ లోపంతో ఎందరో పిల్లలకు రేచీకటి వచ్చేది, ముదిరితే చూపే పోయేది. ఇక్కడి పరిశోధనల ఆధారంగా 1970లో చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ ద్రావణం పట్టే జాతీయ కార్యక్రమం మొదలైంది. రోజూ ఎందుకు పట్టరు? ఎ విటమిన్ కొవ్వులో కరుగుతుంది. కాలేయం దాన్ని దాచుకుని, అవసరమైనప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. అందుకే మోతాదు మించితే ఒంట్లో పేరుకుపోయి హాని చేస్తుంది. డి కూడా అంతే.

సి, బి విటమిన్లు నీళ్లలో కరిగే రకం. ఎక్కువైనది చాలావరకు మూత్రంలో పోతుంది. బి కాంప్లెక్స్ మింగిన రోజు మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుందే, అది అందులోని రైబోఫ్లేవిన్ (బి2) పనే. పెట్టిన డబ్బులు పోవడం కళ్లారా చూడొచ్చన్నమాట!

మరి మాత్రలు దండగేనా? లోపం ఉన్నవాళ్లకు కాదు. గర్భిణులకు ఫోలిక్ ఆమ్లం, పాలు కూడా ముట్టని శాకాహారులకు బి12 నిజంగా అవసరం. పరీక్షల ముందు హాస్టల్ కుర్రాళ్లు కొనే మల్టీవిటమిన్ డబ్బా సంగతి వేరు. సి విటమిన్ కోసమైతే బండి మీది జామకాయ చాలు, అందులో నారింజ కన్నా ఎక్కువే ఉంటుంది.