కథాంతముపై హక్కు ఎవరిది?

కథను అల్లువారు కొందరు, ఆదరించువారు లక్షలమంది. మరి ముగింపుపై అధికారమెవరిది?

2012లో ‘మాస్ ఎఫెక్ట్ 3’ అను వీడియో క్రీడ ముగింపు ఆటగాండ్రకు రుచింపలేదు. మూడు భాగములలో తాము చేసిన నిర్ణయములకు తగిన ఫలము కానరాలేదని వారి వాదము. నిర్మాతలు ఆ యేడే ముగింపును విస్తరించి ఉచితముగా అందించిరి. 2019లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టెలివిజన్ ధారావాహిక తుది భాగమును తిరిగి తీయవలెనని పది లక్షలకు పైగా సంతకములు చేరినను ఫలితము లేకపోయెను. 2021లో అభిమానుల కోరికపై ‘జస్టిస్ లీగ్’ చలనచిత్రము మరియొక రూపమున వెలువడెను. అయితే అది దర్శకుడు జాక్ స్నైడర్ సొంత కూర్పే.

చూచువాడు సాక్షి, ఆడువాడు భాగస్వామి. కావున ఆటగాని ఆవేదనలో న్యాయము హెచ్చు. అయినను సంఖ్యాబలమే కథను నడిపినచో రచయిత వట్టి లేఖకుడగును. విమర్శించు హక్కు ప్రేక్షకునిది, ముగించు బాధ్యత రచయితది అని మేము తలంతుము.