గుర్రానికి పై తరగతి ఎప్పుడు?

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వరకు నడిస్తే, ఒక కోర్సు ముగియకముందే మరొక కోర్సుకు పిలిచే కోచింగ్ బోర్డులెన్నో కనిపిస్తాయి. పిల్లవాడైతే తనకు పాఠం అర్థం కాలేదని చెప్పుకోగలడు. గుర్రానికి ఆ నోరు లేదు.

ఈవెంటింగ్ అనే అశ్వక్రీడలో డ్రసాజ్, క్రాస్ కంట్రీ, షో జంపింగ్ అని మూడు పరీక్షలుంటాయి. అంతర్జాతీయ పోటీలు ఒక నక్షత్రం మొదలు ఐదు నక్షత్రాల స్థాయి వరకు సాగుతాయి. పైమెట్టుకు కనీస ఫలితాలు తప్పనిసరి. అయితే అవి అనుమతి మాత్రమే, సంసిద్ధతకు రుజువు కావని మేము భావిస్తాము. షో జంపింగ్‌లో కాలు తగిలితే కర్ర పడుతుంది. క్రాస్ కంట్రీలోని దుంగ చాలావరకు కదలదు, గుర్రమే పడుతుంది. రౌతు ప్రాణమూ దానితోనే ముడిపడి ఉంది.

కనుక ఫలితం కన్నా అది వచ్చిన తీరును చూడాలి. కొత్త మైదానంలో, తడి నేలపై, రౌతు బలవంతం లేకుండానే దూకుతున్నదా? మరునాడు కాళ్లలో వాపు, వేడి లేకుండా మేత తింటున్నదా? సందేహముంటే అదే స్థాయిలో మరికొన్ని పోటీలు ఆడించడమే మేలు. యజమాని పెట్టిన ఖర్చు గుర్రానికి అనుభవాన్ని ఇవ్వదు కదా!

బెంగళూరు రౌతు ఫవాద్ మీర్జా 2018 జకార్తా ఆసియా క్రీడల్లో సెన్యోర్ మెడికాట్ అనే గుర్రంపై రెండు రజతాలు గెలిచారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానం సాధించినదీ ఆ గుర్రంపైనే.