నమాజ్ టైమ్‌ని ఫోన్ ఎలా లెక్కేస్తుంది? దుబాయిలో నా వల్ల జరిగిన 14 నిమిషాల తప్పు

ఇవాళ కూడా ఫోన్‌లో ఒక సెట్టింగ్ గురించే మాట్లాడుకుందాం. కాకపోతే ఈసారి ఆ సెట్టింగ్ తప్పు పెట్టింది నేనే. దానికి నష్టపోయింది దుబాయిలో నలుగురు మనుషులు.

మాది సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అనే మాట తెలంగాణలో వినని ఇల్లు ఉండదు కదా. మా దోస్త్ ఒకడు, నాతో టెన్త్ దాకా ఒకే బెంచీ, మూడోది పట్టుకున్నాడు. షటరింగ్ పని మీద దుబాయి పోయాడు. నేను బీటెక్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ప్రాజెక్ట్ కోసం నమాజ్ టైమింగ్స్ చూపించే చిన్న యాప్ ఒకటి చేశాను. నేను నమాజ్ చదివేవాణ్ని కాదు. వాడి కోసమే ఆ ఐడియా వచ్చింది. ప్లే స్టోర్‌లో పెట్టలేదు, ఏపీకే ఫైల్ వాట్సాప్‌లో పంపేశాను. వాడు మురిసిపోయి రూమ్‌లో అందరికీ చూపించుకున్నాడు.

2023 రంజాన్. దుబాయిలో మార్చి 23న మొదలైంది, మన దగ్గర నెలవంక కనబడి మర్నాడు 24న మొదలైంది. క్యాంప్‌లో వాడి రూమ్‌లో ఆరుగురు. అందులో నలుగురు రోజా ఉండేవాళ్లు. సహరీ అంటే తెల్లవారకముందు తినే భోజనం. ఫజర్ టైమ్ అయ్యేలోపు తినడం, తాగడం ఆపేయాలి, అక్కడి నుంచి రోజా మొదలు. నలుగురూ టైమ్ చూసేది మావాడి ఫోన్‌లోనే. అంటే నా యాప్‌లోనే.

ఐదో రోజు పొద్దున, రోజా లేని జగిత్యాల అన్న ఒకాయన బ్రష్ చేసుకుందామని బయటికి వెళ్లాడు. దూరంగా అజాన్ వినబడింది. లోపలికి వచ్చి చూస్తే వీళ్లు ఇంకా చపాతీ తింటున్నారు. "అరే, అజాన్ అయితాంది గదరా, మీరు ఇంకా తింటున్నరేంది?" అన్నాడు. మావాడు ఫోన్ చూపించాడు. ఇంకా 14 నిమిషాలు ఉంది. కిచెన్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోతకి నాలుగు రోజులుగా ఎవరికీ అజాన్ వినబడలేదు, అంతే.

ఇప్పుడు అసలు లెక్క చెప్తాను.

ఐదు పూటల నమాజ్ టైమ్ మొత్తం సూర్యుడి లెక్క, గడియారం తర్వాత వచ్చింది. ఫజర్ తెల్లవారుజామున, జుహర్ సూర్యుడు నడినెత్తి దాటాక, అసర్ సాయంత్రం, మగ్రిబ్ పొద్దు గూకాక, ఇషా రాత్రి. మీ ఊరి అక్షాంశం, రేఖాంశం, తేదీ ఇస్తే చాలు, ఫోన్ త్రికోణమితి ఫార్ములాతో సూర్యుడు ఎక్కడున్నాడో లెక్కేస్తుంది. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

జుహర్ సులువు. మగ్రిబ్ కూడా సులువే. సూర్యబింబం పైఅంచు క్షితిజం కిందికి దిగిన క్షణం అది. గాలిలో వెలుతురు వంగడం, బింబం సైజు కలిపి 0.833 డిగ్రీలు అని అందరూ ఒప్పుకున్న అంకె. గొడవంతా ఫజర్, ఇషాలతోనే. ఎందుకంటే తూర్పున మొదటి తెల్లని వెలుగు అడ్డంగా పరుచుకోవడం ఫజర్. ఆ వెలుగు మొదలయ్యేది సూర్యుడు క్షితిజం కింద ఎన్ని డిగ్రీల్లో ఉన్నప్పుడు? కంటితో చూసి తేల్చిన విషయం కాబట్టి ఒక్కో సంస్థ ఒక్కో అంకె పెట్టుకుంది. మన ఇండియా, పాకిస్తాన్ వైపు ఎక్కువగా వాడే కరాచీ పద్ధతిలో 18 డిగ్రీలు. మక్కాలోని ఉమ్ముల్ ఖురా పద్ధతిలో 18.5, ఇషాకి మాత్రం డిగ్రీలే లేవు, మగ్రిబ్ తర్వాత 90 నిమిషాలు, రంజాన్‌లో 120. ఈజిప్ట్‌వాళ్లది 19.5. దుబాయికి ప్రోగ్రామర్లు వాడేది 18.2. ఉత్తర అమెరికా పద్ధతిలో మాత్రం 15.

నేను ఇంటర్నెట్‌లో దొరికిన శాంపిల్ కోడ్‌ని కాపీ చేసినప్పుడు అందులో ఉన్నది ఆ 15. అది దేనికి అని కూడా చూడలేదు.

మరి టెస్టింగ్ చేయలేదా అంటే చేశాను. నిజంగానే చేశాను. హైదరాబాద్‌లో మా హాస్టల్ పక్క మసీదు బోర్డుతో జుహర్, మగ్రిబ్ పోల్చి చూశాను. నిమిషం తేడా లేదు! ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది, ఆ రెండింటికీ ఈ అంకెతో సంబంధమే లేదు. తప్పున్నచోట నేను చూడనే లేదు. ఫజర్ చెక్ చేయాలంటే ఐదింటికి లేవాలి. హాస్టల్‌లో ఫైనల్ ఇయర్ కుర్రాడు ఐదింటికి లేస్తాడా?

మార్చి చివర్లో దుబాయిలో 18.2 డిగ్రీలకి ఫజర్ ఉదయం 5:00 అటూఇటుగా. 15 డిగ్రీలకి 5:14. ఇదీ ఆ 14 నిమిషాల కథ. గంట తేడా వచ్చి ఉంటే మొదటి రోజే పట్టుబడేది. ఇంకో తమాషా వినండి. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక, అంటే 90 నిమిషాలు. సూర్యుడు దౌల్తాబాద్ నుంచి దుబాయి మీదికి రావడానికి పట్టేది దాదాపు 93 నిమిషాలు. అందుకే ఆ నెలలో మా ఊళ్లో మగ్రిబ్ మన గడియారంలో 6:29కి అయితే, దుబాయిలో వాళ్ల గడియారంలో 6:32కి. అంకెలు అచ్చం ఇంటి దగ్గరిలాగే కనబడతాయి. ఎవరికీ అనుమానం రాదు. జూన్‌లో అయితే వేరు, దుబాయి మనకంటే ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ పగలు మనకంటే అరగంట ఎక్కువ.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుందని చాలామందికి తెలియదు. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. కింద పొద్దు గూకినా పైఅంతస్తుల వాళ్లకి సూర్యుడు ఇంకా కనబడతాడు. అందుకే 2011లో దుబాయి మతాధికారులు 80వ అంతస్తు పైన ఉండేవాళ్లు రెండు నిమిషాలు, 150 పైన ఉండేవాళ్లు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయమన్నారు. అలాంటి టవర్లు కట్టినవాళ్లు మాత్రం ఇఫ్తార్ చేసేది కింద టెంట్లలోనే. మావాడు చెప్తుంటాడు, ప్లాస్టిక్ షీట్ పరిచి పొడుగ్గా వరసల్లో కూర్చోబెడతారంట, పక్కన బంగ్లాదేశీ, ఎదురుగా పఠాన్, అవతల మలయాళీ. ఖర్జూరం, నీళ్లు, మజ్జిగలాంటి లబన్, బిర్యానీ. నువ్వు ఎవరు అని అడిగేవాళ్లే ఉండరు. మా జగిత్యాల అన్న కూడా రోజా లేకున్నా రోజూ వీళ్లతో పోయి కూర్చునేవాడు. అక్కడ పెట్టే హరీస్ చూసి మావాడు "ఇది మన హలీమ్ లెక్కనే ఉంది" అని ఫోన్ చేశాడు. లెక్కనే ఏంటి, తాతే. నిజాం సైన్యంలో చేరడానికి వచ్చిన యెమెన్ అరబ్బులు ఆ వంటని హైదరాబాద్‌కి తెచ్చారు. వాళ్ల బ్యారక్‌లున్న చోటే ఇవాళ్టి బార్కస్.

సరే, ఆ రోజాల సంగతి. క్యాంప్ మసీదు ఇమామ్‌ని అడిగితే ఆ ఐదూ లెక్కకు రావు, పండగ అయ్యాక ఖజా పెట్టుకోండి అన్నాడంట. ఖజా అంటే తప్పిన రోజాని తర్వాత తీర్చడం. నలుగురికీ కలిపి ఇరవై రోజాలు.

ఇరవై అనేది నాకు అప్పుడు ఒక నంబరే. మే నెలలో అర్థమైంది. రంజాన్‌లో అక్కడ ప్రైవేట్ కంపెనీల్లో కూడా డ్యూటీ రెండు గంటలు తగ్గిస్తారు. పండగ అయ్యాక ఆ తగ్గింపు ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 దాకా బయట పని చేయించకూడదనే రూల్ ఉంది, కానీ అది జూన్ 15న మొదలై సెప్టెంబర్ 15 దాకే. మే నెల ఈ రెండింటికీ మధ్యలో పడిపోయింది. మార్చిలో పదమూడున్నర గంటలున్న రోజా మే మధ్యలో పద్నాలుగు గంటల ముప్పావు. మావాడు మొదటి రెండూ డ్యూటీ రోజుల్లోనే పెట్టాడు, సెలవు రోజున బట్టలు, వంట, ఇంటికి డబ్బులు పంపే పని ఉంటుంది అని. వీడియో కాల్‌లో చూస్తే పెదాలు పగిలిపోయి ఉన్నాయి.

నన్ను తిట్టలేదు. "ఆ డిగ్రీ ఏందో మార్చురా, వచ్చే సాలుకు కావాలె" అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకని మీ ఫోన్‌లో, లేదా గల్ఫ్‌లో ఉన్న మీవాళ్ల ఫోన్‌లో ఏ నమాజ్ యాప్ ఉన్నా ఇది చూడండి. సెట్టింగ్స్‌లో కాలిక్యులేషన్ మెథడ్ అని ఉంటుంది. ఇండియాలో ఉంటే కరాచీ, సౌదీలో ఉంటే ఉమ్ముల్ ఖురా, దుబాయిలో ఉంటే దుబాయి. దేశం మారితే ఇది దానంతటదే మారుతుందని నమ్మకండి, లొకేషన్ మారినా మెథడ్ పాతదే ఉండిపోయే యాప్‌లు చూశాను. రెండోది అసర్. నీడ లెక్క ఇది. మధ్యాహ్నం ఉండే నీడని పక్కన పెడితే, వస్తువు నీడ దాని ఎత్తంత అయినప్పుడు అసర్ అనేది షాఫీ తదితరుల పద్ధతి, రెండింతలు అయినప్పుడు అనేది హనఫీ పద్ధతి. మన దగ్గర ఎక్కువమంది హనఫీ. మార్చిలో మా ఊరికి వేసి చూస్తే ఒకటి 3:44, ఇంకోటి 4:45. గంట తేడా! ఇది తప్పేం కాదు, మీరు పాటించేది ఏదో అది పెట్టుకోవాలి. అజాన్ అలారం మోగకపోతే బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ని నిద్రపుచ్చుతోందేమో చూడండి. అన్నీ పెట్టాక ఒక్కరోజు ఫజర్‌కి లేచి, దగ్గర్లోని మసీదు అజాన్‌తో పోల్చండి. ఫజర్‌తోనే. జుహర్‌తో పోల్చి నాలాగా సంతోషపడకండి.

నా యాప్‌లో అంకె మార్చాను. మెథడ్ ఎంచుకోకపోతే టైమ్ చూపించకుండా పెట్టాను, డిఫాల్ట్ తీసేశాను.

వాళ్ల అమ్మీకి ఈ విషయం మొత్తం తెలుసు. ఆమె ఫోన్ చూసి రోజా ఉండదు, మా ఊరి మసీదులో పంచే టైమ్ టేబుల్ కార్డు వంటింటి తలుపుకి అంటించుకుంటుంది. ప్రతి రంజాన్‌కి ముందు ఆ కార్డు ఫొటో తీసి నాకు వాట్సాప్ పెడుతుంది, కింద వాయిస్ మెసేజ్: "బిడ్డా, నీ ఫోన్‌ల దీంతోటి కలుస్తుందా లేదా జర చూడు." ముప్పై రోజులూ ఫజర్ వరస ఒక్కొక్కటే చూసి జవాబిస్తాను. నిరుడు ఒక్క నిమిషం తేడా వచ్చింది. యాప్‌ని కార్డుకే సరిచేశాను.